మూల అతుకు ముచ్చట్లు

ఏమండీ, ఒక్క నిమిషం. ఆ గేటు మూసే ముందు కొంచెం వంగి, కమ్మీ వచ్చి చట్రానికి ఆనిన చోట చూడండి. ఆ మూలలో ఇనుము కరిగి గట్టిపడిన సన్నటి గట్టు ఒకటి కనిపిస్తోందా? రంగు కింద దాక్కుని ఉంటుంది, కాస్త గీరితే బయటపడుతుంది. వద్దులెండి, గీరకండి. మీ ఇంట్లోవాళ్ళు నన్ను తిడతారు. దాన్ని ఫిల్లెట్ వెల్డ్ అంటారు. ఇవ్వాళ మన కబుర్లన్నీ దాని చుట్టూనే.

"ఇదేం కబురండీ! కొత్త ఆవకాయ గురించో, పక్కింటి పెళ్ళి గురించో చెప్పక!" అని మీరు మూతి తిప్పుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. తిప్పుకోండి. ఎవరి పిచ్చి వారికానందం. గృహప్రవేశానికి పిలిస్తే వచ్చినవాళ్ళంతా టైల్స్ చూస్తారు, పూజగది తలుపు మీద చెక్కడం చూస్తారు. నేను మెట్ల రెయిలింగు కింద తల దూర్చి చూస్తాను. ఫంక్షన్ హాల్లో భోజనానికి కూర్చోబెడితే నా కళ్ళు పైనున్న షెడ్డు ట్రస్సు మీదికి పోతాయి. విస్తరిలో పప్పు చల్లారిపోతుంది. మా ఇంటావిడ మోచేత్తో పొడుస్తుంది. పొడవనీండి. ఆ ట్రస్సులో కడ్డీల్ని కలిపే గసెట్ ప్లేటుకి యాంగిల్ అతికిన తీరు చూస్తే మీరూ పప్పు సంగతి మరిచిపోతారు.

ఇనుప ముక్కలు రెండింటిని అంచుకి అంచు పెట్టి అతకాలంటే చాలా తతంగం ఉంది. మందపాటి ప్లేటయితే అంచులు ఏటవాలుగా చెక్కాలి, మధ్యలో సందు సరిగ్గా ఉంచాలి, అడుగుదాకా లోహం నింపాలి. మన ఫిల్లెట్‌కి ఆ బాధలేం లేవు. ఒకదాని మీద ఒకటి నిలబెట్టు, లేదా పరుచు. మూలలో కరిగిన లోహం పొయ్యి. అయిపోయింది! అందుకే గేటు, గ్రిల్లు, ట్యాంకు స్టాండు, ట్రాక్టర్ ట్రక్కు, లారీ బాడీ, ఎక్కడ చూసినా ఇదే. విజయవాడ ఆటోనగర్లోనో హైదరాబాద్ బాలానగర్లోనో ఓ సాయంత్రం అలా నడిచి వెళ్ళండి. ప్రతి షెడ్డులోంచీ నీలం మెరుపులే. ఆ మెరుపు వంక నేరుగా చూడకండి సుమా. రాత్రికి కళ్ళల్లో ఇసుక పోసినట్టు మండుతుంది. అప్పుడు నన్ననుకుని లాభం లేదు.

సరే, ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. గేటు చేయిస్తున్న ఇంటాయన పక్కనే కుర్చీ వేసుక్కూర్చుంటాడు. మేస్త్రి శుభ్రంగా ఓ వరస వేసి లేస్తాడు. ఇంటాయనకి తృప్తి ఉండదు.

"ఇంకో రెండు కోట్లు వెయ్యి బాబూ. గట్టిగా ఉండాలి."

"వేస్తానండీ, నాదేం పోయింది. రాడ్డు మీది, కరెంటు మీది."

వేస్తాడు. అతుకు ఉబ్బుతుంది. ఇంటాయన మొహం వెలుగుతుంది. నా మొహం మాడిపోతుంది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. లెక్కలున్నాయి గానీ ఎనిమిదో తరగతి దాటవు.

ఈ అతుకుని అడ్డంగా కోస్తే త్రికోణం కనిపిస్తుంది. ఒక భుజం కింది ప్లేటుకి, ఇంకో భుజం నిలువు ప్లేటుకి అంటుకుని ఉంటాయి. ఆ భుజం పొడవే లెగ్గు. డ్రాయింగులో '6 మి.మీ. ఫిల్లెట్' అంటే లెగ్గు 6 మి.మీ. అని. కానీ బరువు మోసేది లెగ్గు కాదు. మూల నుంచి ఏటవాలు ముఖానికి అతి దగ్గర దారి ఒకటుంటుంది, దాన్ని త్రోట్ అంటారు. లాగితే తెగడానికి లోహం వెతుక్కునే దారి అదే. రెండు లెగ్గులూ సమానంగా ఉంటే, త్రోట్ లెగ్గులో 0.7 వంతు. 6 మి.మీ. అతుక్కి త్రోట్ 4.2 మి.మీ. అంతే.

ఇక పొట్ట సంగతి. ముఖం మీద ఉబ్బెత్తుగా పోసిన లోహాన్ని ఇంజనీరు లెక్కలోకి తీసుకోడు. లోపల ఇమిడే అతి పెద్ద త్రికోణాన్నే కొలుస్తాడు. పైన ఉబ్బినదంతా దండగ. పోనీ ఉత్త దండగేనా అంటే అదీ కాదు. పొట్ట ప్లేటుని తాకే చోట మెలిక పడుతుంది, ఒత్తిడంతా అక్కడికే చేరుతుంది. మరీ గుంటగా వేసినా చిక్కే, లెగ్గు 6 చూపించినా త్రోట్ తగ్గిపోతుంది. ఓ మోస్తరు చదునుగా ఉన్న ముఖమే ముద్దొచ్చే ముఖం.

పొట్ట పెంచకుండా లెగ్గునే పెంచుదామంటారా? రండి, దానికీ లెక్కుంది. లెగ్గు రెట్టింపు చేస్తే బలం రెట్టింపవుతుంది. పట్టే లోహం నాలుగింతలవుతుంది! మీటరు పొడవున 6 మి.మీ. అతుక్కి సుమారు 140 గ్రాముల లోహం చాలు. 12 మి.మీ. అయితే 565 గ్రాములు. అంత దూరం ఎందుకు, 6ని 8 చేయండి చాలు. బలం మూడో వంతు పెరుగుతుంది, లోహం 78 శాతం పెరుగుతుంది. రాడ్డు, కరెంటు, మేస్త్రి టైము అన్నీ దాంతోపాటే. బలం కావాలంటే అతుకు పొడవు పెంచండి మహాప్రభో! పొడవు రెట్టింపు చేస్తే ఖర్చూ రెట్టింపే, అంతకు మించదు. రెండింతలకి నాలుగింతలు ఇచ్చుకునే బేరం కూరగాయల బజార్లో ఎవరైనా ఒప్పుకుంటారా?

ఒక్క వరస ఎంత మోస్తుందో తెలిస్తే మీరు నోరెళ్ళబెడతారు. మన దేశపు ఉక్కు నిర్మాణాల కోడు ఐ.ఎస్. 800, 2007లో వచ్చినది, దాని ప్రకారం మామూలు మైల్డ్ స్టీలు మీద షాపులో వేసిన 6 మి.మీ. ఫిల్లెట్, మిల్లీమీటరు పొడవుకి దాదాపు 795 న్యూటన్లు మోస్తుంది. అంటే ఎనభై కిలోల మనిషి! ఒక్క మిల్లీమీటరుకి ఓ మనిషి. వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు నిండితే నీళ్ళే టన్ను. భద్రత కోసం దాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకున్నా, రెండు సెంటీమీటర్ల అతుకుతో లెక్క తేలిపోతుంది. అయితే ప్రతి అతుకుకీ మొదలూ చివరా లెగ్గంత పొడవు ముక్క లెక్కలోకి రాదు. అక్కడ ఆర్క్ని, అంటే ఆ నీలం మెరుపుని, అందుకోవడం, ఆపడం ఉంటాయి కాబట్టి లోహం నమ్మకంగా ఉండదు. ఆపైన గాలి ఊపు, తుప్పు, స్టాండు కాళ్ళు వంగడం. అన్నీ కలుపుకుని పొడవు పెంచుకోవాల్సిందే. కానీ ఇంటాయన అడిగిన ఆ 'ఇంకో రెండు కోట్లు' మాత్రం ఏ లెక్కలోనూ దొరకవు.

ఇంకో తమాషా. లాగే దిశకి అడ్డంగా వేసిన ఫిల్లెట్, దిశ వెంబడి వేసిన దానికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బలం చూపిస్తుంది. అమెరికా కోడు దీన్ని లెక్కలో వాడుకోనిస్తుంది. మరి ఊరికే వస్తుందా? రాదు. అడ్డంగా వేసినది సాగకుండా పుటుక్కున తెగుతుంది. వెంబడి వేసినది తెగేముందు కాస్త సాగి హెచ్చరిస్తుంది. రెండోదాని మర్యాదే నాకిష్టం.

అలాగని మరీ సన్నం చేసి పిసినారితనం చూపించడానికీ లేదు. మన కోడు కనీసాలు పెట్టింది. కలిపే రెండింటిలో మందపాటిది 10 మి.మీ. లోపుంటే లెగ్గు 3కి తగ్గకూడదు. 10 దాటి 20 దాకా 5. 20 దాటి 32 దాకా 6. బలానికి 3 చాలినా సరే, దళసరి ప్లేటుకి 5 వేయాల్సిందే. ఎందుకని అడగరేం? దళసరి ప్లేటు వేడిని గుటుక్కున మింగేస్తుంది. చిన్న వరస క్షణాల్లో చల్లారి, పక్కనున్న ఉక్కు పెళుసుబారి, చీలిక పడుతుంది. ఒక్కోసారి ఆ చీలిక మర్నాటికి గానీ బయటపడదు. అందుకని ఈ పట్టిక బరువుని బట్టి రాసింది కాదు, వేడిని బట్టి రాసింది.

విదేశాల నుంచి డ్రాయింగులు తెప్పించుకునే కంపెనీల్లో మన పిల్లలు చాలామందే పనిచేస్తున్నారు. మీ అబ్బాయీ ఉన్నాడా? అయితే ఈ మాట చెవిలో వేయండి. అమెరికా డ్రాయింగులో త్రికోణం పక్కన అంకె ఉంటే అది లెగ్గు. యూరప్ డ్రాయింగులో అంకె ముందు ఓ అక్షరం ఉంటుంది. 'ఎ' ఉంటే త్రోట్, 'జెడ్' ఉంటే లెగ్గు. 'ఎ5' అంటే లెగ్గు 7 వేయాలి. ఆ అక్షరం చూడకుండా లెగ్గు 5 వేసి ఊరుకుంటే బలంలో మూడో వంతు దాకా గల్లంతే. అంకె మాత్రం అదే, ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పటిదాకా చెప్పింది కంటికి కనిపించే సంగతి. అసలు సరదా లోపలుంది. పెనెట్రేషన్! కరిగిన రాడ్డు, ప్లేటు లోపలికి ఎంత దిగింది? మూల అడుగుదాకా పట్టిందా, లేక పైపైన వంతెన కట్టి లోపల సందు వదిలేసిందా? పైన పటారం లోన లొటారం అని ఊరికే అన్నారా? కరెంటు తక్కువ పెట్టి వేసిన అతుకు, చల్లటి బండ మీద పోసిన జీళ్ళపాకమే. చూడ్డానికి నిండుగా కూర్చుంటుంది, గోటితో లేపితే పెళ్ళగా ఊడొస్తుంది.

మన షాపుల్లో ఎక్కువగా తిరిగేది 6013 రాడ్డు. 12 నంబరంటే రెండున్నర మి.మీ., 10 నంబరంటే 3.15, 8 నంబరంటే 4. ఆర్క్ ఇట్టే అందుకుంటుంది, చిటపటలు తక్కువ. అతుకు మీద పెంకులా కట్టే స్లాగ్ దానంతటదే చుట్టుకుని లేచిపోతుంటే చూడ్డానికి ఎంత బావుంటుందో! చిప్పింగ్ సుత్తి అలా తాకితే చాలు, మొత్తం పెంకు ఒక్క ముక్కగా లేచి కింద వెండి మెరుపు బయటపడుతుంది. ఆ ఒక్క క్షణం కోసం షాపు ముందు గంట నిలబడొచ్చు. అయితే మంచివాడికి లోతు తక్కువ. 6013 నెమ్మదస్తురాలు, పైపైనే పట్టుకుంటుంది. పైప్‌లైన్లలో అడుగు వరసకి వాడే 6010 ఉంది చూశారూ, సెల్యులోజ్ పూతది, అది మొరటుది. చిటపటలాడుతుంది, పొగ కక్కుతుంది, కానీ ప్లేటుని తవ్వుకుంటూ పోతుంది. 7018 బలమైనది, తేమ పొడ గిట్టదు. ఓవెన్లో వేడిచేసి, వేడివేడిగా డబ్బాలోంచి తీసి వాడాలి. కొత్తల్లుడి మర్యాదలన్నీ దానికి చెయ్యాలి.

ఇక్కడ ఒక విషయం మీరు గట్టిగా పట్టుకోవాలి. నెమ్మదిగా, నిండుగా పోస్తే బాగా లోపలికి దిగుతుందని అందరూ అనుకుంటారు. జరిగేది తలకిందులు. చేయి నెమ్మదిస్తే కరిగిన లోహం మడుగు కట్టి ఆర్క్ కన్నా ముందుకి జారుతుంది. అప్పుడు ఆర్క్ మూలకి తగలదు, మడుగుకే తగులుతుంది. దాని వేడంతా కరిగినదాన్నే మళ్ళీ కరిగించడానికి పోతుంది. మూల పచ్చిగానే మిగిలిపోతుంది. అంటే ఇంటాయన కోరి మరీ వేయించుకున్న లావు వరస, కరెంటు మారకపోతే, సన్నటి వరస కన్నా తక్కువ దిగొచ్చు! నా మొహం ఎందుకు మాడిందో ఇప్పుడు తెలిసిందా?

బాగా దిగాలంటే కరెంటు సరిపడా ఉండాలి. రాడ్ల ప్యాకెట్ మీద ఏ సైజుకి ఎంతో అచ్చేసే ఉంటుంది. 10 నంబరుకి సుమారు 100 నుంచి 130 ఆంపియర్లు. చదివేవాడేడీ? ఆర్క్ పొట్టిగా ఉండాలి, రాడ్డు రెండు ప్లేట్లకీ మధ్యగా 45 డిగ్రీల్లో మూలనే చూడాలి, చేయి మడుగు కన్నా ముందుండాలి. కరెంటు మరీ ఎక్కువైతే నిలువు ప్లేటు అంచున గాడి కోసేస్తుంది, అదింకో రోగం. పెద్ద ఫ్యాక్టరీల్లో గర్డర్లకి సబ్‌మర్జ్‌డ్ ఆర్క్ వాడతారు. ఫ్లక్స్ అనే పొడి కింద ఆర్క్ దాక్కుని మంట కనపడకుండా లోతుగా తవ్వుతుంది. మన కోడు దాన్నీ గుర్తించింది. మూల దాటి కనీసం 2.4 మి.మీ. లోపలికి దిగే అతుకైతే, లెగ్గు కొలతకి 2.4 కలుపుకోవచ్చంటుంది. కంటికి కనిపించని బలానికి కూడా మార్కులు వేసే పరీక్ష ఇంకెక్కడైనా చూశారా?

లోపలి సంగతి బయటపెట్టించడానికి మేస్త్రులకి ఓ మొరటు పరీక్ష ఉంది. నాకు మహా ఇష్టం. చేతిలో ఇమిడే ప్లేటు ముక్క ఒకటి అడుగున, ఇంకోటి దాని మీద నిలువుగా. ఒక్క వైపే ఫిల్లెట్ వేస్తారు. చల్లారాక వైస్‌లో బిగించి, నిలువు ముక్కని అతుకు మీదికే వంగేలా సుత్తితో కొడతారు. మూల తెరుచుకుంటుంది. ఒక దెబ్బ, రెండు, మూడు... టక్కున విరుగుతుంది. అప్పుడు అందరి తలలూ ముందుకొస్తాయి. విరిగిన మొహం పొడుగునా గరుకుగా బూడిదరంగులో ఉంటే మేస్త్రి మీసం తిప్పొచ్చు. మూల వెంట నున్నటి నల్లటి గీత ఒకటి కనిపించిందనుకోండి, అదే నేరస్థుడు. ప్లేటు మిల్లులోంచి వచ్చినప్పటి నల్ల పొర అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. అంటే ఆ చోటికి ఆర్క్ అసలు పోలేదు. ఒక వైపే వేసిన ఫిల్లెట్ వెనక నుంచి తెరిస్తే ఎంత బలహీనమో కూడా దీంతోనే తెలుస్తుంది. కుదిరిన చోటల్లా రెండో వైపు కూడా ఓ వరస వేయించుకోమనేది అందుకే.

అలాగే అతికిన మరో ముక్కని అడ్డంగా కోసి, ఎమెరీ కాగితంతో అద్దంలా నునుపు చేసి, ఆల్కహాల్లో కాస్త నైట్రిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. అప్పటిదాకా ఒకే ముద్దగా ఉన్న ఇనుములోంచి అతుకు ఆకారం మెల్లగా తేలుతుంది. దాని చుట్టూ వేడికి మారిపోయిన ఉక్కు చారగా. ఎక్కడిదాకా దిగిందో మిల్లీమీటర్లలో కొలుచుకోవచ్చు. ఇంట్లో ప్రయత్నించకండి, ఆమ్లంతో ఆటలొద్దు.

ఇంత చిన్న అతుకుకి ఇంత హంగామా ఏమిటంటారా? 1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో, నార్వే వాళ్ళ ఎకోఫిస్క్ చమురు క్షేత్రంలో, అలెగ్జాండర్ కీలాండ్ అనే తేలే వేదిక తుఫానులో తిరగబడింది. పనివాళ్ళ బసగా వాడుతున్న ఆ వేదిక మీద 212 మంది ఉన్నారు. 123 మంది పోయారు. విచారణలో తేలిందేమిటంటే, వేదిక కాళ్ళని కలిపే అడ్డ గొట్టాల్లో ఒకదానికి సముద్రంలో శబ్దాలు పట్టే పరికరం బిగించడానికి చిన్న పట్టా అతికారు. 6 మి.మీ. ఫిల్లెట్. అది బరువు మోసేది కాదు కాబట్టి ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ అతుకు ఆకారం బాగాలేదు, పగులు అక్కడే పుట్టింది. పగులు లోపల రంగు ఆనవాళ్ళు దొరికాయి. అంటే వేదిక యార్డు దాటకముందే పగులుంది! అలల ఊపుకి అది గొట్టం చుట్టూ పాకింది, గొట్టం తెగింది, కాలు ఊడింది. మన గేటు సముద్రంలో తేలదు, నిజమే. అయినా 'బరువు మోసేది కాదు కదా, ఎలా వేస్తేనేం' అన్న మాట వింటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మళ్ళీ మన వీధికొద్దాం. మన దగ్గర రెండు చోద్యాలున్నాయి. మొదటిది సందు. ముక్కలు సరిగా కోయక రెండింటి మధ్య 2 మి.మీ. సందు వచ్చిందనుకోండి. పైన లెగ్గు 6 కొలిచినా అందులో 2 సందు మింగేస్తుంది, పనికొచ్చేది 4. సందు ఎంతుంటే లెగ్గు అంత పెంచమని అమెరికా కోడు చెబుతుంది. ఒకటిన్నర మి.మీ. చిల్లర దాటితే చాలు, ఆ రూలు వచ్చేస్తుంది. మనవాళ్ళు ఏం చేస్తారో తెలుసా? రాడ్డు మీద పూత రాలగొట్టి, ఆ తీగ ముక్కని సందులో కుక్కి, పైన బ్రహ్మాండంగా వరస లాగించేస్తారు. చూసినవాళ్ళు శభాష్ అంటారు. లోపల తీగ ఎటూ అంటకుండా హాయిగా పడుకుని ఉంటుంది.

రెండోది గ్రైండింగ్. 'నున్నగా కనిపించాలండీ' అని గ్రైండర్ పెట్టిస్తారు. అలంకారం కోసం పెట్టిన ఆ చక్రం తినేది ఏమిటనుకున్నారు? త్రోట్‌నే! 4.2లో ఒకటిన్నర పోతే మిగిలిందెంత? ఆ గుంటల్లో పుట్టీ, పైన రెడ్ ఆక్సైడ్, ఆపైన నల్ల ఎనామిల్. ఇక బ్రహ్మదేవుడొచ్చినా కనిపెట్టలేడు. సన్నటి పొలుసుల వరసతో ఉన్న అతుకే నా కంటికి నగ. దాన్ని గ్రైండర్‌తో చెరిపే చెయ్యి ఎలా ఆడుతుందో నాకర్థం కాదు.

అందుకని మీ గేటో, ట్యాంకు స్టాండో చేయిస్తున్నప్పుడు మేస్త్రికి ఒక్క మాట చెప్పండి. "రంగు వేయకముందు ఓసారి కబురు చెయ్యి బాబూ, చూస్తాను" అనండి. వెళ్ళి చూడండి. స్లాగ్ అంతా రాలగొట్టారా? రెండు లెగ్గులూ సమానంగా ఉన్నాయా? అంచు వెంట గాడి పడిందా? ముక్కల మధ్య సందులో తీగలేమైనా కుక్కారా? 3 మి.మీ. పట్టీకి 3 మి.మీ. వరస సరిపోతుంది, మరీ పొట్ట వేయించకండి. గ్రైండర్‌ని చెయ్యి తగిలే చోట్లకే పరిమితం చేయమనండి. వీలైతే నాకూ ఓ కబురు పెట్టండి, కాఫీ కూడా అక్కర్లేదు, పరిగెత్తుకొస్తాను. రెడ్ ఆక్సైడ్ పడ్డాక పిలిస్తే మాత్రం రాను.